సీఎస్‌ఈ చదువుకి పాత థింక్‌ప్యాడ్ టీ480: కొనేముందు కౌంటర్ దగ్గరే తేల్చుకోవాల్సిన సంగతులు

బీటెక్ సీఎస్‌ఈలో సీటు రాగానే ఇంట్లో రెండో కౌన్సెలింగ్ మొదలవుతుంది: ఏ ల్యాప్‌టాప్ కొనాలి? పెదనాన్న కొడుకు ఐ7 లేకపోతే దండగంటాడు, పక్క ఫ్లాట్ అన్నయ్య గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే అంటాడు. ఈ నాలుగేళ్లలో ప్రాసెసర్ చాలక పని ఆగిపోయే రోజులు చాలా తక్కువ. ర్యామ్ చాలక, డిస్క్ నిండిపోయి, క్లాసులో ప్లగ్ పాయింట్ దొరక్క, తెర ఇరుకై మాత్రం వారానికోసారి ఆగుతుంది. వీటిలో మొదటి మూడింటినీ ఒక స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే బాగుచేసుకోనిచ్చే యంత్రం లెనోవో థింక్‌ప్యాడ్ టీ480.

ఇది 2018 నాటి మోడల్. కంపెనీలు ఉద్యోగులకిచ్చి, లీజు గడువు తీరాక వదిలించుకున్న సరుకే రీఫర్బిష్డ్ పేరుతో మార్కెట్‌కి వస్తుంది. మన వైపు దీన్ని వెతికేవాళ్లు మొదట వెళ్లేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చినాయ్ ట్రేడ్ సెంటర్‌కే. ధర ఇరవై వేలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ర్యామ్, తెర, బ్యాటరీలను బట్టి కొట్టుకో లెక్క. మోడల్‌కి మార్కులు వేయడం తేలికే, పదికి ఎనిమిది కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. చేతికిచ్చిన ఆ ఒక్క పీసుకి ఎన్ని వేయాలన్నదే అసలు తలనొప్పి.

ముందు పేరు సరిచూసుకోవాలి. టీ470, టీ480 పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. టీ470లో వచ్చేవి ఆరో, ఏడో తరం ఇంటెల్ చిప్‌లు. వాటికి రెండే కోర్లు, పైగా విండోస్ 11కి అధికారిక మద్దతు లేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ తేడా చిన్నది కాదు. టీ480లో ఎక్కువగా దొరికే ఐ5-8250యూ, ఐ5-8350యూ రెండూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌ల చిప్‌లే. వీటి మధ్య తేడా కోడ్ రాసేవాళ్లకి తెలిసేంత ఉండదు, దానికి వెయ్యి రూపాయలు అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదు. కొద్ది టీ480లు కూడా ఏడో తరం చిప్‌తో వచ్చాయి, అందుకే మూత మీది పేరుతో సరిపెట్టుకోకుండా టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నంబర్ చదవాలి. అడుగున స్టిక్కర్ మీద మెషీన్ టైప్ 20ఎల్5 లేదా 20ఎల్6తో మొదలైతే అది టీ480. 20ఎల్7, 20ఎల్8 అయితే టీ480ఎస్. అది సన్నగా ముచ్చటగా ఉంటుంది గానీ ర్యామ్‌లో కొంత బోర్డుకే అతికించి ఉంటుంది, బయటికి తీసే బ్యాటరీ ఉండదు. ఆ తర్వాత వచ్చిన టీ490దీ అదే దారి. రెండు ర్యామ్ స్లాట్లూ, రెండు బ్యాటరీలూ ఒకేచోట కావాలంటే టీ480 దగ్గరే ఆగాలి.

ఇక కౌంటర్ దగ్గర. ఆన్ చేయగానే లెనోవో లోగో వస్తుంది. అప్పుడు ఎంటర్ కొట్టి, ఎఫ్1 నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర) తెరుచుకుంటుంది. అక్కడ పాస్‌వర్డ్ అడిగి, తెలియదంటే మార్పులు చేయనివ్వకపోతే ఆ పీసు వదిలేయండి. అది సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. పాత డెస్క్‌టాప్‌లలోలా చిన్న సెల్ తీసి పెడితే పోయే రకం కాదు, వేరే చిప్‌లో కూర్చుంటుంది. కొట్టతను "విండోస్ ఆన్ అవుతోంది కదా బాబూ, బయోస్‌తో నీకేం పని" అనొచ్చు. పని ఉంది. వర్చువల్ మెషీన్లు, డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోపలే లినక్స్ నడిపే సదుపాయం), ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నడవాలంటే సెక్యూరిటీ మెనూలోని వర్చువలైజేషన్‌లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ ఎనేబుల్ అయి ఉండాలి. కొన్ని ఆఫీసు మెషీన్లలో అది ఆపేసి ఉంటుంది. తాళం పడిన బయోస్‌లో దాన్ని మార్చే వీలుండదు. ఓఎస్ ల్యాబ్ మొదలయ్యాక తెలుసుకుంటే అప్పటికి రిటర్న్ గడువు దాటిపోతుంది. అదే సెక్యూరిటీ మెనూలో అబ్సొల్యూట్ అనే ట్రాకింగ్ సదుపాయం స్థితి యాక్టివేటెడ్ అని కనిపించినా వెనక్కిచ్చేయడమే మంచిది. పాత యజమాని కంపెనీ దాన్ని ఇంకా వదల్లేదేమో.

కంపెనీ సరుకుకి మరో మెలిక ఉంది. పాత సంస్థ తన ఆటోపైలట్ (కంపెనీ మెషీన్లని దూరంనుంచే సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ సేవ) జాబితాలోంచి ఈ మెషీన్‌ని తీసేయకపోతే, విండోస్ కొత్తగా ఎక్కించి నెట్ కలపగానే "ఫలానా సంస్థకి స్వాగతం" అంటూ ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. కొట్టులో నెట్ కలపకుండా లోకల్ అకౌంట్‌తో సెటప్ చేసి ఉంటే ఇది బయటపడదు. ఆరు నెలల తర్వాత హాస్టల్‌లో రీసెట్ కొట్టిన రాత్రి బయటపడుతుంది. అందుకే కొనేరోజే రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి సెటప్ తెర దాటేదాకా చూడాలి. అరగంటకి పైనే పట్టొచ్చు. ఈలోపు చాయ్ తాగి రావొచ్చు, ల్యాప్‌టాప్ మాత్రం కళ్లముందే ఉండాలి. సెటప్ అయ్యాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయినట్టు ఉండాలి.

ఈ మోడల్‌కి తనదైన పుట్టుమచ్చ లాంటి లోపం ఒకటుంది, అది యూఎస్‌బీ-సీ దగ్గర. ఎడమవైపు రెండు సీ పోర్టులుంటాయి, ఒకటి మామూలుది, రెండోది థండర్‌బోల్ట్ 3. ఛార్జింగ్ రెండింటి నుంచీ జరగాలి. మొదట్లో వచ్చిన థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌లో (ఆ పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లో) తప్పుండి, అది తన చిన్న మెమరీ చిప్‌లో రాసుకుంటూ రాసుకుంటూ చివరికి దాన్ని పాడుచేసేది. అప్పుడు సీ పోర్టు పనిచేయకపోవడం, హెచ్‌డీఎంఐ బొమ్మ రాకపోవడం, ఛార్జింగ్ మొరాయించడం లాంటివి మొదలవుతాయి. లెనోవో 2019లో సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. ఆలోపే చిప్ పాడైతే అప్‌డేట్ వల్ల లాభం లేదు, బోర్డు మీద పనిచేసే మెకానిక్ ఆ చిప్‌ని మళ్లీ రాయడమో మార్చడమో చేయాలి. కాబట్టి ఛార్జర్‌ని రెండు పోర్టుల్లోనూ పెట్టి చూడండి, కొట్టులోని ఏదో మానిటర్‌కి హెచ్‌డీఎంఐ తగిలించి చూడండి. ఇంటికి రాగానే మొదటి పని ఆ ఫర్మ్‌వేర్ అప్‌డేట్. ఛార్జర్ పిన్నుని మెల్లగా పైకీ కిందికీ కదిపి కూడా చూడాలి. ఈ పోర్టులు మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటాయి. మంచం మీద పడుకుని, వైరు ఒంపు తిరిగి ఉండగానే ఛార్జింగ్ పెట్టే అలవాటున్నవాళ్ల చేతిలో ముందు వదులయ్యేది ఇదే.

బ్యాటరీలు రెండు. లోపల 24 వాట్ అవర్లది స్థిరంగా ఉంటుంది. వెనకాల తగిలించేది 24, 48, 72 వాట్ అవర్లలో దొరుకుతుంది. 48, 72 రెండూ అడుగున పొడుచుకొచ్చి ల్యాప్‌టాప్‌ని కాస్త ఎత్తుతాయి, 72దైతే బరువు రెండు కిలోల దగ్గరికి చేరుతుంది. వాడకంలో ముందు బయటిదే ఖర్చవుతుంది. లోపలిదాంట్లో ఛార్జ్ ఉన్నంతవరకు మెషీన్ ఆపకుండానే బయటిది తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఉదయం తొమ్మిదిన్నరకి క్లాసులో కూర్చుంటే సాయంత్రం ల్యాబ్‌దాకా ప్లగ్ దొరకని కాలేజీల్లో దీని విలువ తెలుస్తుంది. ఎంతసేపు వస్తుందో లెక్క సులువే. ఎడిటర్, బ్రౌజర్ పనికి గంటకి 8 వాట్ అవర్లనుకుంటే, కొత్త 24, 48 కలిపి 72కి తొమ్మిది గంటలు. పాత బ్యాటరీలు అరవై శాతానికి పడిపోయి ఉంటే ఐదున్నర కూడా రాదు. పెద్ద ప్రాజెక్టు కంపైల్ అవుతున్నప్పుడు ఖర్చు రెట్టింపు దాటుతుంది, ఆ లెక్క వేరు.

"బ్యాటరీ బ్యాకప్ మూడు గంటలు గ్యారంటీ" అన్న మాటకి విలువ లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో ప్రతి బ్యాటరీకీ డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, సైకిల్ కౌంట్ విడివిడిగా ఉంటాయి. రెండో అంకెని మొదటిదానితో భాగించండి. డెబ్బై శాతం పైన ఉంటే సరే. యాభై కిందుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. రెండంకెలూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉండి, సైకిళ్లు సున్నా చూపిస్తే సంబరపడొద్దు, అది చవకరకం నకిలీ బ్యాటరీ అయినా అలాగే చూపించొచ్చు. బయటిదాన్ని తీసి లేబుల్ అచ్చు చూడండి.

కీబోర్డు ఈ యంత్రానికి ప్రాణం. మీటలు లోతుగా దిగుతాయి, రాత్రి రెండింటికి అసైన్‌మెంట్ కొడుతున్నా వేళ్లు అలసిపోవు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కాలి. సెమికోలన్, కర్లీ బ్రాకెట్లు, స్పేస్‌బార్ రెండు చివర్లూ మరిచిపోవద్దు. అక్షరాలు మెరిసిపోతున్నా మీట కదలిక మట్టిపట్టినట్టుంటే చాయ్ పడిన బాపతు కావచ్చు. ఎడమ మూల కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్ మీట ఉంటుంది, కొత్తవాళ్లు వారంపాటు కాపీ చేయబోయి ఏమీ చేయలేక తిట్టుకుంటారు. బయోస్‌లో కాన్ఫిగ్, కీబోర్డ్ మెనూలో రెండింటినీ తారుమారు చేసే సదుపాయం ఉంది. మధ్యలో మౌస్‌లా పనిచేసే ఎర్ర బొడిపె వాడేవాళ్లు దాన్ని వదలరు, మిగిలినవాళ్లకి అదొక అలంకారం. ఆ టోపీ అరిగిపోతే విడిగా దొరుకుతుంది.

తెర విషయంలో రాజీ పడొద్దు. 1366×768 టీఎన్ ప్యానెల్ ఉన్న పీసు రెండు వేలు తక్కువకి వస్తున్నా వద్దు. కింద టెర్మినల్, పక్కన ఫైళ్ల పట్టీ తెరిచాక కోడ్‌కి మిగిలేది అరచేతంత జాగా. కొంచెం పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. 1920×1080 ఐపీఎస్ ఉన్నదే అడగండి. అది కూడా వెలుతురు తక్కువదే, రంగులు పాలిపోయినట్టుంటాయి. కోడ్‌కి చాలు, డిజైన్ క్లబ్బులో పోస్టర్లు చేసేవాళ్లకి చాలదు. తెల్లటి పేజీ తెరిచి మచ్చలు, నల్లటి పేజీ తెరిచి మూలల్లో వెలుగు కారడం చూడండి. మూత మీద కొత్తగా నల్ల స్టిక్కర్ అతికించి ఉంటే కీలు దగ్గర వేలితో తడమండి, పగుళ్లని దాచడానికి వేసిందేమో తెలుస్తుంది. ఇంకో చిన్న విషయం: కొన్ని కంపెనీలు భద్రత కోసం కెమెరా లేకుండానే తెప్పించుకున్నాయి. ప్లేస్‌మెంట్ టెస్టులు కెమెరా ముందు కూర్చోబెట్టి రాయించేవే ఎక్కువ. కెమెరా యాప్ తెరిచి మొహం కనిపిస్తోందో లేదో చూసుకోండి. ఉన్నా 720పీనే, మొహం గుర్తుపట్టేంతగా వస్తుంది, అంతే.

ఇంటికి తెచ్చాక అసలు ఖర్చు ర్యామ్ మీద పెట్టాలి. కొట్లలో 8 జీబీ ఒకే కర్రతో (ర్యామ్ స్టిక్) అమ్ముతారు. విండోస్ 11 లేవగానే మూడు నాలుగు జీబీ తినేస్తుంది. క్రోమ్‌లో పది ట్యాబులు, వీఎస్ కోడ్ తెరిస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి ఎమ్యులేటర్ కూడా తోడైతే మౌస్ బాణం కూడా నడవలేక నడుస్తుంది. ఇంకో 8 కర్ర వేస్తే 16 అవుతుంది, రెండు చానళ్లూ కలిసి పనిచేస్తాయి కాబట్టి లోపలి గ్రాఫిక్స్ కూడా కాస్త చురుకవుతుంది. కావాల్సింది ల్యాప్‌టాప్ డీడీఆర్4. 2666, 3200 అని రాసున్నవి పెట్టినా 2400 వేగంతోనే నడుస్తాయి, ఏది చవకైతే అదే. లెనోవో చెప్పే గరిష్ఠం 32 జీబీ, ఈ చదువుకి అంత అక్కర్లేదు.

విప్పేముందు ఒక జాగ్రత్త. బయోస్‌లో కాన్ఫిగ్, పవర్ మెనూలో డిసేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ అని ఉంటుంది, దాన్ని నొక్కితే మెషీన్ ఆరిపోతుంది. ఛార్జర్ తీసి, బయటి బ్యాటరీ ఊడదీసి, అప్పుడు స్క్రూలు వదులు చేయాలి. అవి మూతలోంచి ఊడి రావు, పోతాయన్న భయం లేదు. పగిలేది మూత అంచున ఉన్న ప్లాస్టిక్ కొక్కాలు. పాత సిమ్ కార్డు సైజు ప్లాస్టిక్ ముక్కతో చుట్టూ కొద్దికొద్దిగా లేపాలి, స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్కసారిగా తన్నించకూడదు. మళ్లీ ఛార్జర్ పెట్టగానే లోపలి బ్యాటరీ తనంతట తానే పనిలోకి వస్తుంది. పనిలో పనిగా ఫ్యాన్ రెక్కల మధ్య దూది కట్టిన దుమ్ము తీసేయండి. పదినిమిషాల కంపైల్‌కే వేడి తొంభై ఐదు డిగ్రీలు దాటి వేగం పడిపోతుంటే చిప్ మీది వేడిని లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, ఇన్నేళ్ల మెషీన్‌లో అది వింతేమీ కాదు.

ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లు ఎక్కువ డబ్బు పోసేది ఇక్కడే. ఇందులో ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) డిస్క్ 2.5 అంగుళాల జాగాలో ఒక అడాప్టర్ చట్రం ద్వారా కూర్చుంటుంది, దానికి అందేది రెండు పీసీఐఈ లేన్లే (డేటా దారులే). సెకనుకి 3500 ఎంబీ వేగం అని రాసున్న డిస్క్ కూడా అందులో సగం దగ్గరే ఆగుతుంది. జెన్4 డిస్కులకి అదనంగా పెట్టే ప్రతి రూపాయీ వృథా. కొన్ని పీసుల్లో ఆ చట్రం ఉండదు, పాతరకం సాటా డిస్క్ ఉంటుంది. చట్రం, దాని కేబుల్ విడిగా వెతుక్కోవాలి, అందుకే ముందే అడగండి. పాత డిస్క్ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కనిపిస్తుంది. సిమ్ మోడెమ్ కోసం ఉంచిన చిన్న స్లాట్‌లో 2242 సైజు, బీ+ఎం గాడి ఉన్న ఎన్‌వీఎంఈ పడుతుంది. లినక్స్‌ని విడి డిస్క్‌లో పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇది దొరికిన చిన్న నిధి.

సెమిస్టర్ పనుల్లో దీన్ని మందగింపచేసేవి కొన్ని ఉన్నాయి, తప్పు మెషీన్‌ది కాదు. డీబీఎంఎస్ ల్యాబ్ కోసం ఎక్కించిన ఒరాకిల్ ఎక్స్‌ఈ, ల్యాబ్ అయిపోయిన ఏడాది తర్వాత కూడా ఆన్ చేసిన ప్రతిసారీ వెనకాల లేస్తుంది. 21సీ ఎక్స్‌ఈకి పరిమితి 2 జీబీ ర్యామ్, అంతా తినకపోయినా చాలా తింటుంది. సర్వీసెస్‌లోకెళ్లి ఒరాకిల్‌సర్వీస్‌ఎక్స్‌ఈని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చండి. ఓఎస్ ల్యాబ్‌లో ఫోర్క్, సెమాఫోర్ ప్రోగ్రాముల కోసం డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే, అది అడగకుండానే మొత్తం ర్యామ్‌లో సగందాకా పట్టుకోగలదు. యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్‌ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైలులో డబ్ల్యూఎస్‌ఎల్2 శీర్షిక కింద మెమరీ 4 జీబీ అని రాసి, డబ్ల్యూఎస్‌ఎల్ షట్‌డౌన్ ఇచ్చి మళ్లీ తెరిస్తే అదుపులో ఉంటుంది. ప్రాజెక్ట్ ఫైళ్లు సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్‌లోంచి వాడితే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించుకోవడం) నత్తనడక నడుస్తుంది, లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. అక్కడ ఆ ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ చెరిపేసినా సీ డ్రైవ్‌లో జాగా తిరిగి రాలేదని కంగారుపడొద్దు. డబ్ల్యూఎస్‌ఎల్ డిస్క్ ఫైలు మామూలుగా పెరగడమే గానీ తనంతట తాను తగ్గదు, డిస్క్‌పార్ట్‌లో కాంపాక్ట్ చేయాలి. ఆండ్రాయిడ్ యాప్‌కి ఎమ్యులేటర్ బదులు చేతిలోని ఫోనే వాడండి. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొట్టి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిస్తే సరిపోతుంది. ఒకట్రెండు జీబీ మిగులుతాయి.

ఫైనలియర్ మేజర్ ప్రాజెక్ట్ డీప్ లెర్నింగ్ అయితే ఈ యంత్రం మోడల్‌ని ట్రెయిన్ చేయలేదు. ఎంఎక్స్150 గ్రాఫిక్స్ ఉన్న టీ480లు దొరికినా, వాటి 2 జీబీ మెమరీకి అదనంగా డబ్బు ఇవ్వొద్దు. గూగుల్ కొల్యాబ్ ఉచిత జీపీయూతో చాలామంది బ్యాచ్‌మేట్లు గట్టెక్కేస్తారు. సెషన్ తెగితే అందులో ఫైళ్లన్నీ పోతాయి కాబట్టి డ్రైవ్ మౌంట్ చేసి ప్రతి ఎపాక్‌కీ చెక్‌పాయింట్ అక్కడ దాచుకోవాలి. ఆటలాడాలి, వీడియోలు ఎడిట్ చేయాలి అనేవాళ్లకి ఇది తప్పు బండి. పూర్తిగా లినక్స్‌లోనే ఉండాలనుకునేవాళ్లకి ఇంతకంటే సాఫీగా కుదిరేది అరుదు. వేలిముద్ర సెన్సర్ ఒక్కటే సతాయిస్తుంది, దానికి విడిగా డ్రైవర్ కట్టుకోవాలి.

ఇదే బడ్జెట్‌లో డెల్ ల్యాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా దొరుకుతాయి. రెండూ ఎక్కువగా ఎనిమిదో తరం చిప్‌లతోనే వస్తాయి, రెండింట్లోనూ ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి. ఎలైట్‌బుక్ చూడ్డానికి బాగుంటుంది. వెనక తగిలించే బ్యాటరీ రెండింట్లోనూ లేదు, కీబోర్డు థింక్‌ప్యాడ్‌కి సాటి రాదు. ల్యాటిట్యూడ్ మంచి కండిషన్‌లో దొరికి, టీ480 బ్యాటరీ నలభై శాతంలో ఉంటే మొహమాటపడకుండా ల్యాటిట్యూడే తీసుకోండి.

బిల్లు జీఎస్‌టీతో, దాని మీద సీరియల్ నంబర్‌తో రాయించుకోండి. వారంటీ ఎన్ని నెలలో అడిగేటప్పుడు, బ్యాటరీకీ అడాప్టర్‌కీ వర్తిస్తుందా అని కూడా అడగండి, తరచుగా ఆ రెండింటినీ పక్కన పెట్టేస్తారు. అడాప్టర్ 65 వాట్లదై ఉండాలి. 45ది ఇస్తే ఛార్జ్ ఎక్కుతుంది గానీ, వాడుతూ ఛార్జ్ చేస్తే గంటలు పడుతుంది. హాస్టల్‌లో రోజంతా ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు లెనోవో వ్యాంటేజ్‌లో ఛార్జ్ హద్దు ఎనభై దగ్గర పెట్టుకోవాలి, రెండు బ్యాటరీలకీ విడివిడిగా. ప్లగ్ లేని కాలేజీ రోజు ముందురాత్రి మాత్రం ఆ హద్దు తీసేసి నూరుదాకా ఎక్కించుకోండి.